హల్లూ హల్లూ నేర్చుకున్న కొట్లాట

"మామూ, నువ్వు చెప్పినట్టే చేసిన."

ఈ మాట అంటున్నప్పుడు నా భాంజా నోటికి దస్తీ అడ్డం పెట్టుకుని ఉన్నాడు. తెల్ల దస్తీ ఎర్రగా అయింది. పై వరసలో ముందు పన్ను సగానికి విరిగింది. వాడికి పదిహేడేళ్లు, నిజామాబాద్‌లో ఇంటర్ రెండో సంవత్సరం. ఆ సాయంత్రం సిరికొండలో బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా నా దుకాణానికి వచ్చాడు. ఇంట్లో ఆపా ఉంటుంది కదా. అసర్ అయిపోయింది, మగ్రిబ్‌కు ఇంకా టైముంది. నీళ్లిచ్చి పుక్కిలించమన్నాను. ఎర్రటి నీళ్లు మోరీలో పడ్డాయి.

వాడు శికాయత్ చేయడం లేదు. లెక్క తప్పు వచ్చిన పిల్లాడు, సూత్రం చెప్పిన సార్‌కే నోట్‌బుక్ చూపించి గలతీ ఎక్కడయింది అని అడుగుతాడే, అట్లా అడుగుతున్నాడు. నాకు అదే ఎక్కువ కష్టం అనిపించింది.

కాలేజీ బయట బైకులు తీసే దగ్గర మాటా మాటా పెరిగిందట. ఎదుటివాడు వీడికంటే బెత్తెడు ఎత్తు, పది పన్నెండు కిలోలు ఎక్కువ. వీడు నేను నేర్పినట్టే ఎడమ కాలు ముందుకు వేశాడు. మోకాళ్లు కొంచెం వంచి, భుజాలు ఢీలా వదిలి, రెండు చేతులూ ఛాతీ ముందు గుండ్రంగా పట్టుకుని నిలబడ్డాడు. వాడు నెడతాడు, ఆ జోరును పక్కకు తిప్పి వాణ్ణే పడేద్దామని ఎదురుచూశాడు.

"వాడు నెట్టలే మామూ. గుద్దిండు."

రెండు గుద్దులు. మొదటిది పెదవి మీద. రెండోది ఎక్కడ తగిలిందో వీడికి యాదికి లేదు.

ఆ రాత్రి ఆపా నాతో ఒక్క మాటే అంది. "నీ చీనీ నాటకం నా కొడుకు పన్ను తీసింది." తర్వాత పది రోజులు మాట్లాడలేదు. నేను వాళ్లింటికి పోతే బావర్చీఖానాలోకి పోయి గిన్నెలు గట్టిగా కదిపేది.

ఆ చీనీ నాటకం నాకెట్లా అంటిందో చెప్పాలి.

దుబాయ్‌లో డ్రాగన్ మార్ట్‌కు దగ్గర ఒక గోదాములో ఆరేళ్లు పని చేశాను. మన జిల్లా వాళ్లకు గల్ఫ్ సంగతి కొత్తగా చెప్పేదేముంది, వాడకు నలుగురం పోయొచ్చినవాళ్లమే. డ్రాగన్ మార్ట్ అంటే చైనా సామాన్ల బజారు. ఈ చివర నుంచి ఆ చివరకు కిలోమీటరు పైనే. అక్కడి మస్జిద్‌కు ఫజర్ వేళ ఒక ముసలి చైనా మనిషి వచ్చేవాడు. తెల్ల టోపీ, పల్చటి గడ్డం. చైనాలో హుయ్ అని ఒక ముస్లిం ఖౌమ్ ఉందని, వాళ్లు కోటి మందికి పైనే ఉంటారని నాకు అప్పుడే తెలిసింది. ఆయనది హెనాన్ ఇలాఖా. నేను చాచా అనేవాణ్ణి.

నమాజ్ అయ్యాక చాచా పార్కింగ్ పక్కన ఖాళీ జాగాలో ఒక్కడే నిలబడి, నడుము లోతు నీళ్లల్లో నడుస్తున్నట్టు నడిచేవాడు. చేతులు ఒకదాని వెనక ఒకటి తేలేవి. మన దక్కనీలో హల్లూ హల్లూ అంటాం చూడండి, ఆ మాటకు బొమ్మ గీస్తే అట్లాగే ఉంటుంది. మూటలు మోసి మోసి నాకు నడుము పట్టేసేది. ఒకరోజు నేను వంగలేక వంగి చెప్పులు వేసుకోవడం చూసి సైగతో రమ్మన్నాడు. మా ఇద్దరికీ కలిసిన జబాన్ ముప్పై నలభై అరబీ మాటలు, అంతే ఇంగ్లీషు. అయినా రెండు చలికాలాల్లో ఇరవై నాలుగు భంగిమల వరస నేర్పాడు. అడవి గుర్రం జూలు విడదీయడం, పిచ్చుక తోక పట్టుకోవడం, కోతిని వెనక్కి తరమడం, మేఘాల చేతులు. పేర్లు పిల్లల కహానీల్లా ఉంటాయి.

చదివేవాళ్లలో కొందరికి షక్ రావచ్చు, ఇది వాళ్ల మజహబ్‌లో ఏదో ఇబాదత్ ఏమో అని. నాకూ వచ్చింది, అడిగాను. చాచా తల అడ్డంగా ఊపి, మస్జిద్ వైపు వేలు చూపించి "ఇబాదా" అన్నాడు. తన మోకాలు తట్టి "రియాదా" అన్నాడు. అంటే వర్జిష్. నాకు ఆ జవాబు చాలింది.

నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసిన సంగతి ఒకటుంది. ఆ ఇరవై నాలుగు భంగిమల వరసను 1956లో చైనా ప్రభుత్వ క్రీడా శాఖ తయారు చేయించింది. పొడవాటి పాత వరసలను కుదించి, మామూలు జనం సేహత్ కోసం తేలిగ్గా నేర్చుకునేట్టు చేశారు. అంటే నేను ఇంటికి తెచ్చుకున్నది దవా, తల్వార్ కాదు. తాయ్ చీ చువాన్ అన్న పూర్తి పేరులో చివరి మాటకు పిడికిలి అని అర్థం. ఒకసారి నేను కొట్లాట గురించి అడిగితే చాచా పిడికిలి బిగించి "చువాన్" అన్నాడు. వెంటనే నా వయసును, నా నడుమును చూపించి నవ్వేశాడు. మూడు నాలుగు సార్లు మాత్రం తన మణికట్టు నా మణికట్టుకు ఆనించి నెట్టమన్నాడు. దాన్ని తుయ్ షౌ అంటారు, చేతులు నెట్టుకోవడం. నేను నెట్టిన ప్రతిసారీ నా ముందు ఏమీ లేనట్టు అయ్యేది, మరుక్షణం నా మడమలు లేచేవి. డెబ్బై ఏళ్ల మనిషి. చేతుల్లో తాఖత్ వాడినట్టే అనిపించలేదు.

ఆ మూడు నాలుగు సార్ల అనుభవాన్నే నేను సిరికొండకు తెచ్చి పెద్ద ఇల్మ్‌లా పంచాను.

ఫజర్ తర్వాత మిద్దె మీద చేసేవాణ్ణి. పక్కింటి పిల్లలు పిట్టగోడ మీద కూర్చుని నవ్వేవాళ్లు. భాంజా మాత్రం సెలవుల్లో వచ్చి పక్కన నిలబడేవాడు. వాడికి నేను చెప్పిందంతా ఒక్క ముక్కే. జోరుకు జోరు అడ్డం పెట్టకు, లొంగు, వాడి జోరును వాడి మీదికే తిప్పు. వాడు ఫోన్‌లో వీడియోలు వెతికాడు. ముసలి ఉస్తాద్ వేలు ఆనిస్తే షాగిర్దులు పది అడుగులు ఎగిరి పడుతుంటారు. ఆ షాగిర్దులు ఎగరడం కూడా తాలీంలో భాగమే అని, ఉస్తాద్ మీద అదబ్ కొద్దీ ఎగురుతారని వాడికి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. వాడి పక్కన కూర్చుని చూసి మాషా అల్లా అన్నాను కూడా.

ఆపా మాట్లాడని ఆ పది రాత్రులు నేను వేరే వీడియోలు చూశాను.

2017 ఏప్రిల్‌లో చైనాలోని చెంగ్డూలో ఒక పోటీ జరిగింది. ఒకవైపు షూ షియావ్‌డాంగ్, అన్ని రకాల పోరాటాలు కలిపి ఆడే పోటీల మనిషి. ఇంకోవైపు వేయ్ లేయ్, తాయ్ చీ ఉస్తాద్‌నని చెప్పుకునేవాడు. ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. వేయ్ లేయ్ చేతులు ముందుకు చాపి ఠీవిగా నిలబడ్డాడు. షూ దూసుకొచ్చాడు. ఉస్తాద్ వెనక్కి పడ్డాడు, పడ్డాక కూడా దెబ్బలు తిన్నాడు. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఆ చాపిన చేతులు నాకు తెలుసు. అవి నా భాంజా చేతులు.

అంతకుముందుది 1954 జనవరి 17. మకావ్‌లో వూ గోంగ్‌యీ అనే తాయ్ చీ ఉస్తాద్, చాన్ హాక్‌ఫూ అనే తెల్ల కొంగ శైలి వాడు తలపడ్డారు. వూకు యాభై దాటింది, చాన్ ముప్పైల్లో ఉన్న జవాన్. అప్పటి నలుపు తెలుపు ఫిల్ము ఇప్పటికీ దొరుకుతుంది. గాల్లో ఎగిరి తన్నుకోవడాలు ఏమీ లేవు. ఇద్దరూ చేతులు ఊపుకుంటూ, తప్పుకుంటూ, మన బస్టాండ్ కొట్లాట లాగే ఉంటుంది. చాన్ ముక్కు నుంచి రక్తం కారింది. రెండు రౌండ్లకే ఆపేసి ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు అన్నారు. తమాషా ఏమిటంటే, ఈ పోటీ హడావుడి చూసిన ఒక హాంకాంగ్ పత్రిక మూడు రోజులకే వీరుల నవల ఒకటి సీరియల్‌గా మొదలుపెట్టింది. అట్లాంటి నవలల కొత్త జమానా అక్కడి నుంచే లెక్కేస్తారు. అసలు కొట్లాటలో లేనిదంతా కాగితం మీద దొరికింది జనానికి.

ఇదంతా ఝూటేనా మరి? చాచా మణికట్టు దగ్గర నా మడమలు లేచింది ఝూటా? దీనికి నాకు దారి చూపినవాడు చాంగ్ తుంగ్ షెంగ్. 1908లో చైనాలోని బావోడింగ్‌లో పుట్టాడు, 1986లో తైవాన్‌లో చనిపోయాడు. హుయ్ ముస్లిం. ముందు ఆయన పెహల్వాన్. చైనా కుస్తీని షువాయ్ జియావ్ అంటారు, మన కుస్తీకి దగ్గరి చుట్టం. కాకపోతే వాళ్లు బలమైన గుడ్డ జాకెట్టు వేసుకుని, దాన్ని పట్టి పడేస్తారు. 1933లో నాన్‌జింగ్ జాతీయ క్రీడల్లో ఆయన గెలిచాడు. తైవాన్‌లో పోలీసు కాలేజీలో ఏళ్ల తరబడి నేర్పాడు. తాయ్ చీని కూడా తన పద్ధతిలో మలుచుకున్నాడు, దానికి ఆయన ఇంటి పేరే పెట్టి పిలుస్తారు. ఆయన తాయ్ చీలో ప్రతి మెత్తటి కదలిక చివర ఎదుటివాణ్ణి పడేయడం ఉంటుంది. ఎందుకంటే ఆ మనిషి దేహం ముందే వందల మందిని పడేసింది, వందసార్లు పడింది కూడా. మెత్తదనం ఆయనకు ఆ తర్వాత వచ్చింది. నేను పిల్లాడికి తర్వాత రావాల్సింది ముందు ఇచ్చాను.

పెహల్వాన్ అనగానే చిచ్చా గుర్తొచ్చాడు. ఒక ఇత్వార్ భాంజాను తీసుకుని బోధన్ పోయాను.

చిచ్చా శక్కర్‌నగర్‌లో ఉంటాడు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాంటా దగ్గర పని చేశాడు. 1937లో నిజాం కాలంలో పెట్టిన ఫ్యాక్టరీ, 2015లో మూతపడింది. ఇప్పుడు ఆ గేటు ముందు నుంచి పోతే చెరుకు రసం కాగే వాసన ముక్కుకు యాదికొస్తుంది గాని గాలిలో ఉండదు. జవానీలో చిచ్చా తాలీంలో జోర్ చేసినవాడు. హోలీ రోజు బోధన్ దగ్గర హున్సాలో కుస్తీలకు పోయేవాడు. హున్సా తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆ రోజు పగలు అక్కడ కుస్తీలుంటాయి. సాయంత్రం ఊరి మధ్యలో తాడు కట్టి, అటు కొందరు ఇటు కొందరు నిలబడి, ఒక చేత్తో తాడు పట్టుకుని ఇంకో చేత్తో గుద్దుకుంటారు. పిడిగుద్దులాట. పోలీసులు వద్దంటూనే ఉంటారు, ఊరు ఆడుతూనే ఉంటుంది. అయిపోయాక దెబ్బలకు కాముని బూడిద రాసుకుని అలాయ్ బలాయ్ చేసుకుంటారు.

చిచ్చాకు డెబ్బై రెండు. కాళ్లు వంకర పోయాయి, చెవులు మాత్రం ఇప్పటికీ పెహల్వాన్ చెవులే, నలిగిన ఆలుగడ్డల్లా. పన్ను సంగతి విని భాంజా గడ్డం పట్టి పైకెత్తి చూశాడు. తర్వాత నాతో అన్నాడు, "కర్‌కే బతా."

అంగట్లో మొలకాల మీద కూర్చున్న ముసలివాళ్ల ముందు తాయ్ చీ చేయడం ఎంత శరమో చేసినవాడికే తెలుస్తుంది. ఇక్కడ చిచ్చా ఒక్కడే, అయినా చెవులు వేడెక్కాయి. పిచ్చుక తోక పట్టుకునే భంగిమలో చేతులు వెనక్కి లాగుతూ నడుము తిప్పగానే "రుక్" అన్నాడు. "ఇది దస్తీ కదరా."

భాంజా చేయి జేబు మీదికి పోయింది. చిచ్చా నవ్వాడు. ఆ దస్తీ కాదు. ఎదుటివాడి మణికట్టు, మోచేయి పట్టి వాడు వస్తున్న దిక్కుకే గుంజడం. కుస్తీలో దానికీ దస్తీ అనే పేరు. గుర్రం జూలు విడదీసే భంగిమ చూసి, వాడి కాలి వెనక నీ కాలు పెట్టి ఛాతీ మీదుగా చేయి వేసి వెనక్కి పడేసేది ఇదే కదా అన్నాడు. ఇట్లా ఆరో ఏడో గుర్తుపట్టాడు. మేఘాల చేతులు మాత్రం ఆయనకు దేనికీ అందలేదు. "ఇది ఈగలు తోలుడు," అన్నాడు.

తర్వాత నన్ను దగ్గరకు పిలిచి, తన కుడి చేయి నా గర్దన్ వెనక వేశాడు. నా చేయి తన గర్దన్ మీద వేయించుకున్నాడు. నొసలు నొసలు తాకాయి. అఖాడాలో ఇద్దరు పెహల్వాన్లు మొదట అట్లాగే నిలబడతారు, మీరు చూసే ఉంటారు. చూసేవాళ్లకు ఏమీ జరగనట్టు ఉంటుంది. నేను ఎడమ కాలు మీదికి బరువు మార్చుకుందామనుకున్నాను. అనుకున్నాను అంతే. చిచ్చా చేయి అప్పటికే అటే నొక్కింది, నేను తూలాను. మళ్లీ నిలబడ్డాను. ముందుకు నెడదామనుకునేసరికి ఆ చేతి కింద ఏమీ లేదు. దుబాయ్ పార్కింగ్ జాగా నా కళ్ల ముందుకొచ్చింది. చాచా ఈ ముచ్చటకు ఒక చైనా మాట చెప్పేవాడు, తింగ్ జిన్. వినే తాఖత్ అని దాని మతలబ్. చెవితో కాదు, చర్మంతో వినడం. చిచ్చా ఆ మాట ఎప్పుడూ వినలేదు. "గర్దన్ మీద హాత్ ఎందుకేస్తం? వాని కాళ్లు ఏం సోంచాయిస్తున్నయో తెల్వాలె," అన్నాడు.

అప్పుడు భాంజా అడిగాడు, "మరి వాడు హాత్ ఎయ్యనీయకుండ గుద్దితే?"

సవాల్ అంటే అదీ. నేను నెలల తరబడి వాడికి చెప్పిందాంట్లో ఈ సవాల్‌కు జవాబు లేదు. తాయ్ చీ మెత్తదనమంతా తాకిన తర్వాత మొదలవుతుంది. లొంగడానికి, తిప్పడానికి, వినడానికి ముందు ఎదుటివాడి దేహం నీ చేతికి ఆని ఉండాలి. గుద్దేవాడు రెండడుగుల దూరంలో ఉంటాడు. గుద్దు వచ్చి తాకి పోవడానికి పట్టేది రెప్పపాటు. అందులో వినడానికి ఏముంది? ఆ రెండడుగులు దాటడం వేరే విద్య. గడ్డం కిందికి దించుకోవాలి, చేతులు చెంపలకు దగ్గరగా ఉండాలి, తలను గీత మీద నుంచి తప్పించాలి. వస్తే ఒక్కసారిగా లోపలికి వచ్చి పట్టుకోవాలి, లేకపోతే బయటికి పోవాలి. మధ్యలో నిలబడితే పన్ను పోతుంది. పట్టు దొరికాక మాత్రం చాచా చెప్పిందే, చిచ్చా చెప్పిందే. భుజాలు ఢీలా, పాదాలు జమీన్‌ను పట్టుకోవాలి, తిప్పేది చేయి కాదు నడుము. బిగుసుకున్నవాణ్ణి ఎత్తడం సులువు, కట్టెలాగ ఒక్క ముక్కగా లేస్తాడు.

ఇంకో సంగతి చిచ్చా కోపంగా అన్నాడు. "జోర్ చేయకుండ దావ్ నేర్పినవ్." తాలీంలో దావ్ పది నిమిషాలు చూపిస్తారు. జోర్ అంటే నిజంగా ఎదురు తిరిగేవాడితో పెనుగులాట, అది రోజూ ఉంటుంది. నూనె, పసుపు, మజ్జిగ కలిపిన మట్టిలో వందసార్లు పడ్డాక ఆ దావ్ నీదవుతుంది. హల్లూ హల్లూ చేయడం పాదాలకూ నడుముకూ మంచిదే. కానీ గాలి ఎప్పుడూ ఎదురు తిరగదు. రోజూ గాలితో కుస్తీ పట్టేవాడు రోజూ గెలుస్తాడు.

బోధన్‌లో చిచ్చా కాలంనాటి తాలీం ఇప్పుడు లేదు. భాంజాను ఆయనే అన్నాడు, నిజామాబాద్‌లో బాక్సింగ్ ఉంది కదా, అక్కడ వేయి అని.

ఆపాను ఒప్పించడం నాతో అయ్యే పని కాదు. అది నిఖత్ జరీన్ చేసింది, తనకు తెలియకుండానే. నిఖత్ మన నిజామాబాద్ బిడ్డ. 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల ఫైనల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయిని 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయిన రోజు మా మొహల్లాలో మిఠాయి పంచారు. 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో మళ్లీ గెలిచింది. ఆమె మొదటి ఉస్తాద్ షంసముద్దీన్ నిజామాబాద్‌లోనే నేర్పేవాడు. ఆయన కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. నిఖత్ నేర్చుకునే రోజుల్లో అబ్బాయిలతోనే తలపడాల్సి వచ్చింది. ముక్కు నుంచి రక్తం, నల్లబడ్డ కన్నుతో ఇంటికి పోతే అమ్మీ ఏడ్చిందని, మొహం ఇట్లా చేసుకుంటే షాదీ ఎవరు చేసుకుంటారని అన్నదని ఆమే చెప్పుకుంది. ఆపా ఆ ఇంటర్వ్యూ ఫోన్‌లో రెండుసార్లు చూసింది. రెండోసారి చూశాక నాతో మాట్లాడింది. "ఆ పిల్లకు దెబ్బ తగిలినప్పుడు పక్కన ఉస్తాద్ ఉన్నడు. నా కొడుక్కు తగిలినప్పుడు నువ్వెక్కడున్నవ్?"

జవాబు లేదు నా దగ్గర. మరుసటి వారం వాణ్ణి తీసుకుపోయి చేర్పించాను. పంటికి టోపీ వేయించడానికి ఏడు వేలు నేనే కట్టాను.

ఇక్కడితో ఆపేద్దును గాని, నా సంగతి ఒకటి మిగిలింది.

పోయిన యాసంగి వడ్లు కాంటా దగ్గర పోసి ఉన్నాయి. మాది రెండెకరాలు. గన్నీ సంచులు వచ్చిన రోజు వరస గురించి మా ఊరి రైతు ఒకతనితో గొడవ అయింది. నావైపు కూడా తప్పుంది, ఒక మాట ఎక్కువే అన్నాను. అతను వచ్చి నా కాలర్ పట్టుకున్నాడు.

చూడండి, పట్టుకున్నాడు. గుద్దలేదు. అంటే చాచా ఇలాఖాలోకి తనే వచ్చాడు. నేను ఆలోచించానని చెప్తే ఝూట్ అవుతుంది. ఎడమ చేత్తో అతని చేతిని నా ఛాతీకే అదిమాను, కుడి ముంజేయి అతని మోచేతి మీద ఆనింది, మోకాళ్లు వంగాయి. అతను నెట్టిన క్షణంలో నడుము తిరిగింది. అంతే. నాకంటే బరువైన మనిషి నా పక్క నుంచి పోయి వడ్ల కుప్పలో మొహం పెట్టి పడ్డాడు. నా చేతులకు బరువే తెలియలేదు. పదేళ్ల హల్లూ హల్లూకు ఆ ఒక్క క్షణం.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వే ఖరాబు చేసింది. అతను జుట్టులో, మీసాల్లో వడ్లతో లేచాడు. పక్కన ఉన్న పార చేతికి దొరికింది. ఇనుప పారకు చర్మం ఉండదు, వినడానికి. నా కాళ్లు వణికాయి. నేను వెనక్కి నడిచాను, ఒక్కొక్క అడుగు, అచ్చం కోతిని తరిమే భంగిమలో లాగే. కాకపోతే ఇక్కడ కోతిని నేను. ఇద్దరు హమాలీలు అతణ్ణి వెనక నుంచి పట్టుకోకపోతే ఈ ముచ్చట రాసేవాణ్ణి కాదేమో. నేను వడ్లు వదిలేసి ఇంటికి వచ్చేశాను. జొహర్‌కు నిలబడితే చేతులు కట్టుకోవడం కుదరనంతగా వణుకు. పెహల్వాన్ అని ఎవర్ని అనాలో చెప్పే ఆ మషూర్ హదీస్ జుమా బయాన్లలో ఎన్నిసార్లు విన్నానో. ఆ మాట ఎక్కువ అనకముందు ఒక్కసారి గుర్తొచ్చి ఉంటే కాలర్ దాకా వచ్చేదే కాదు.

వీడియోల్లో మనిషి పడగానే అయిపోతుంది. ఊళ్లో కాదు. అతని పొలానికీ మా పొలానికీ ఒకటే గట్టు. వాళ్ల నాయన, మా అబ్బా ఒకే బాయి నీళ్లు వంతులేసుకుని పారించుకున్నవాళ్లు. ఇషా అయ్యాక వాళ్లింటికి పోయాను. అతని భార్య మంచం వాల్చింది, మాట్లాడలేదు. అతను చాలాసేపు గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

"అందరి ముంగట పడేస్తివి," అన్నాడు.

"గలతీ అయింది, మాఫ్ చెయ్యి," అన్నాను. నేనన్న ఆ ఎక్కువ మాటను కూడా వాపస్ తీసుకున్నాను.

చాయ్ వచ్చింది. సగం తాగాక అతను గ్లాసు కింద పెట్టి, కొంచెం వంగి, లోపలి వాళ్లకు వినపడకుండా అడిగాడు. "ఎట్ల పడేసినవ్ర? నాకు దొరకనే లేదు."

చెప్పాను. అర్థమయ్యేట్టు చెప్పగలిగానో లేదో.

భాంజా ఇప్పుడు డిగ్రీ. ఇత్వార్లు సిరికొండకు వస్తే ఫజర్ తర్వాత మిద్దె మీద కలుస్తాం. మణికట్టుకు మణికట్టు ఆనించి తుయ్ షౌ చేస్తాం. మునుపటిలా నేను చెప్పడం, వాడు వినడం లేదు. నేను మెత్తగా లొంగి తిప్పబోతే వాడు చేయి వదిలేసి, ఖాళీ అయిన ఆ జాగాలోంచి నా నొసటి మీద రెండు వేళ్లతో తట్టి పోతాడు. పది సార్లలో మూడు నాలుగు సార్లు పట్టు దొరుకుతుంది నాకు. అప్పుడు వాడు పోయి నీళ్ల డ్రమ్ముకు తగులుతాడు, డ్రమ్ము గణగణమంటుంది. కింద నుంచి ఆపా గొంతు.

"పన్ను జాగ్రత్త! ఏడు వేలు!"

ఎవరి పన్ను గురించి అంటుందో అడగలేదు మేము.